పెండ్రెడ్ సిండ్రోమ్‌లో వినికిడి లోపం: స్కాన్ నుంచి ఇంప్లాంట్ దాకా దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలి

బిడ్డకు సరిగా వినిపించడం లేదన్న అనుమానంతో విశాఖపట్నంలో ఆసుపత్రికి వెళ్లిన తల్లిదండ్రుల చేతికి సాధారణంగా రెండు రిపోర్టులు వస్తాయి. ఒకటి బెరా పరీక్షది (శబ్దానికి వినికిడి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో కొలిచేది), రెండోది స్కాన్‌ది. ఆ రెండో రిపోర్టులో రెండు చెవుల్లోనూ వెస్టిబ్యులర్ అక్విడక్ట్ అనే సన్నని ఎముక నాళం వెడల్పుగా ఉందని, శబ్దాన్ని గ్రహించే లోపలి చెవి భాగమైన కాక్లియాలో పై చుట్లు విడివిడిగా ఏర్పడలేదని రాసి ఉంటే ఆ కుటుంబం ఆలోచించవలసిన విషయాలు పెరుగుతాయి. మిషను (వినికిడి యంత్రం) పెట్టించాలా, కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ చేయించాలా అని అందరూ అడుగుతారు. అయితే పెండ్రెడ్ సిండ్రోమ్‌లో తరచూ కనిపించే ఇలాంటి చెవిలో వినికిడి ఒక స్థాయిలో నిలిచి ఉండదు. ఇవాళ 60 డెసిబెళ్ల దగ్గర శబ్దాన్ని పట్టుకున్న చెవి కొన్ని నెలల తర్వాత 85 డెసిబెళ్లకు గాని పట్టుకోలేకపోవచ్చు, ఆ తర్వాత కొంత కోలుకోనూవచ్చు. అందువల్ల ఒక్క రోజు తీసిన ఆడియోగ్రామ్‌ను (వినికిడి స్థాయి చూపే పటాన్ని) పట్టుకుని నిర్ణయానికి రాకూడదని, వినికిడి ఏ దిశగా నడుస్తోందో వరుస పరీక్షల్లో చూసి నిర్ణయించాలని నా గట్టి అభిప్రాయం. అలాగని గమనిస్తున్నామన్న పేరుతో బిడ్డను శబ్దం లేకుండా నెలల తరబడి ఉంచడం అంతకంటే పెద్ద నష్టం, ఎందుకంటే మాట నేర్చుకునే వయసు ఎవరి కోసమూ ఆగదు. ఈ రెండింటికీ మధ్య దారి ఎలా చూసుకోవాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లోపలి చెవిలో అసలేం జరిగింది

1896లో వాన్ పెండ్రెడ్ అనే ఇంగ్లండ్ వైద్యుడు ఒకే కుటుంబానికి చెందిన ఇద్దరు అక్కచెల్లెళ్లలో పుట్టు చెవుడు, మెడ ముందు గాయిటర్ అనే థైరాయిడ్ గ్రంథి వాపు కలిసి ఉండటం గమనించి రాశారు. ఆయన పేరుతోనే దీన్ని పెండ్రెడ్ సిండ్రోమ్ అంటున్నారు. దీనికి కారణమైన ఎస్‌ఎల్‌సీ26ఏ4 అనే జన్యువును 1997లో గుర్తించారు. అది ఏడో క్రోమోజోమ్ మీద ఉంటుంది, పెండ్రిన్ అనే ప్రొటీన్‌ను తయారు చేయిస్తుంది. థైరాయిడ్ గ్రంథిలో అయోడిన్‌ను హార్మోను తయారయ్యే చోటికి దాటించడం ఈ ప్రొటీన్ పని. లోపలి చెవిలోనైతే అక్కడి ద్రవంలోకి బైకార్బొనేట్‌ను పంపి, ఆ ద్రవం ఆమ్లంగా మారకుండా చూస్తుంది. పెండ్రిన్ లేనప్పుడు గర్భస్థ దశలోనే ఆ ద్రవం పరిమాణం పెరిగి, దాన్ని పట్టి ఉంచే గదులు, నాళాలు సాగి పెద్దవవుతాయి.

ఆరోగ్యంగా ఉన్న కాక్లియా నత్తగుల్లలాగా సుమారు రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది. పెండ్రెడ్ సిండ్రోమ్ ఉన్న చాలామందిలో అడుగు చుట్టు మామూలుగానే ఏర్పడి, పైనున్న ఒకటిన్నర చుట్టు మధ్య గోడలు లేక ఒకే గదిలా కలిసిపోతుంది. ఈ రూపాన్ని 1791లో కార్లో మొండిని వర్ణించారు గనుక పాత రిపోర్టుల్లో మొండిని లోపం అని, ఇప్పటి రిపోర్టుల్లో ఇన్‌కంప్లీట్ పార్టిషన్ టైప్ 2 అని రాస్తారు. దాదాపు ప్రతి రోగిలోనూ కనిపించేది మాత్రం వెస్టిబ్యులర్ అక్విడక్ట్ వెడల్పు. లోపలి చెవి నుంచి మెదడు పొర వైపు సాగే ఈ సన్నని ఎముక నాళం మధ్య భాగంలో 1.5 మిల్లీమీటర్లు దాటితే వెడల్పయినట్టు లెక్క. 1978లో వల్వాసోరి, క్లెమిస్ ఈ కొలతను ప్రతిపాదించారు. మధ్యలో 1 మిల్లీమీటరు గానీ, వెలుపలి ద్వారం దగ్గర 2 మిల్లీమీటర్లు గానీ ఉన్నా వెడల్పుగానే పరిగణించాలనే ప్రమాణం తర్వాత వచ్చింది. పిల్లలతో పని చేసే కేంద్రాల్లో ఎక్కువగా దీన్నే వాడతారు. ఒక రేడియాలజిస్టు మామూలే అన్న చెవిని మరొకరు వెడల్పు అనడానికి కారణం చాలాసార్లు ఈ రెండు ప్రమాణాల మధ్య ఉన్న తేడాయే.

నాళం వెడల్పుగా ఉన్నంత మాత్రాన పెండ్రెడ్ అని ముద్ర వేయకూడదు. చెవుల ముందు చిన్న రంధ్రాలు, మెడ పక్కన తిత్తులు లేదా సన్నని దారులు, మూత్రపిండాల్లో లోపాలు కలిసి వచ్చే బ్రాంకియో ఓటో రీనల్ సిండ్రోమ్‌లోనూ ఈ నాళం వెడల్పుగా ఉంటుంది. రక్తంలో ఆమ్లం పేరుకుని ఎదుగుదల కుంటుపడే ఒక రకం మూత్రపిండ వ్యాధిలోనూ ఇంతే. కాబట్టి వెడల్పయిన అక్విడక్ట్ కనిపించిన బిడ్డకు థైరాయిడ్ పరీక్షతో పాటు ఒక్కసారి మూత్రపిండాల అల్ట్రాసౌండ్ చేయించడం తక్కువ ఖర్చుతో అయ్యే తెలివైన పని. మరోవైపు, స్కాన్‌లో ఏ లోపమూ కనిపించకపోతే సిండ్రోమ్ లేదని ధీమా పడటానికీ వీల్లేదు. అషర్ సిండ్రోమ్‌లో లోపలి చెవి ఆకారం మామూలుగానే ఉంటుంది, కానీ నడక ఆలస్యం కావచ్చు, పెద్దయ్యే కొద్దీ రేచీకటి వస్తుంది. జెర్వెల్ లాంగే నీల్సన్ సిండ్రోమ్‌లోనూ స్కాన్ మామూలుగానే ఉంటుంది, ప్రమాదమంతా గుండె లయలో ఉంటుంది. అందుకే తీవ్రమైన చెవుడు ఉన్న ఏ బిడ్డకైనా మత్తు ఇచ్చే ముందు ఈసీజీ తీసి క్యూటీ విరామం (గుండె లయ లోపాన్ని పట్టిచ్చే కొలత) చూడమని అడగండి. ఇది అడగడానికి మొహమాటపడవలసిన విషయం కాదు.

సీటీ స్కానా, ఎంఆర్ఐ స్కానా

సీటీ ఎముకను స్పష్టంగా చూపిస్తుంది, కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది, చాలామంది పిల్లలకు నిద్రపోతున్నప్పుడే తీయవచ్చు. రేడియేషన్ మాత్రం తప్పదు. ఎంఆర్ఐలో రేడియేషన్ లేదు గానీ అరగంట, అంతకు మించి కదలకుండా ఉండాలి కాబట్టి చిన్నపిల్లలకు మత్తు అవసరమవుతుంది. వెడల్పయిన నాళం రెండింటిలోనూ కనిపిస్తుంది. తేడా తేలేది రెండు విషయాల దగ్గర. ఎంఆర్ఐ మాత్రమే కాక్లియా నుంచి మెదడుకు వెళ్లే వినికిడి నరం ఉందా, ఉంటే ఎంత మందంగా ఉందో నేరుగా చూపగలదు. ఆపరేషన్ చేసే సర్జన్‌కు ముఖ నరం దారి, ఎముక నిర్మాణం తెలియాలంటే సీటీ కావాలి.

నా సలహా ఇది. ఇంప్లాంట్ ఆలోచన ఇప్పట్లో లేనప్పుడు, కేవలం కారణం తెలుసుకోవడానికైతే ముందు ఎంఆర్ఐ ఒక్కటి చాలు. ఇంప్లాంట్ వైపు అడుగు వేస్తున్నప్పుడు రెండూ కావాలి, అప్పుడు రెండింటినీ ఒకే మత్తులో పూర్తి చేయగలరేమో అడగండి. సీటీ ఒకచోట, ఆరు నెలల తర్వాత ఎంఆర్ఐ ఇంకోచోట, హైదరాబాద్ వెళ్లాక మళ్లీ సీటీ అన్న వరస మాత్రం వద్దు. రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా స్కాన్ చిత్రాలున్న సీడీని అడిగి తీసుకుని, దాన్నొక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటే రెండో సర్జన్ దగ్గర మళ్లీ స్కాన్ తీయించవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

స్కాన్‌కు ముందు దశలో జరిగే ఒక పొరపాటు గురించి ఇక్కడే చెప్పాలి. వెడల్పయిన నాళం వల్ల లోపలి చెవిలో అదనంగా ఒక కిటికీ తెరిచినట్టవుతుంది. దానివల్ల తక్కువ పౌనఃపున్యాల్లో ఎముక ద్వారా వినికిడి బాగుండి, గాలి ద్వారా వినికిడి తగ్గినట్టు ఆడియోగ్రామ్‌లో అంతరం కనబడుతుంది. అది చూసి మధ్య చెవిలో నీరు చేరిందని మందులు వాడటం, కర్ణభేరికి గొట్టాలు వేయడం జరిగే అవకాశం ఉంది. కర్ణభేరి, మధ్య చెవి స్థితిని చూసే టింపనోమెట్రీ పరీక్ష మామూలుగా ఉండి కూడా ఆడియోగ్రామ్‌లో అంతరం కనిపిస్తే లోపలి చెవి స్కాన్ అడగవలసిన సమయం వచ్చినట్టే. మధ్య చెవిలోని చిన్న ఎముకకు శస్త్రచికిత్స చేద్దామని ఎవరైనా అంటే, స్కాన్ చూడకుండా ఒప్పుకోవద్దు. ఇలాంటి చెవిలో ఆ ఎముకను కదిలిస్తే లోపలి ద్రవం ఉబికి వచ్చి, మిగిలిన వినికిడి కూడా పోయే ప్రమాదం ఉంది.

జన్యు పరీక్ష అవసరమా

మూడు దారులున్నాయి. ఎస్‌ఎల్‌సీ26ఏ4 ఒక్కదాన్నే చదివించడం, చెవుడుకు సంబంధించిన జన్యువులన్నింటినీ కలిపి ప్యానెల్‌గా చదివించడం, ఎక్సోమ్ (ప్రొటీన్లను తయారు చేయించే జన్యు భాగాలన్నీ) మొత్తాన్ని చదివించడం. రెండు వైపులా నాళం వెడల్పుగా ఉండి, పైచుట్లు కలిసిపోయి ఉన్నప్పుడు ఒక్క జన్యువు పరీక్షతోనే జవాబు దొరికే అవకాశం ఎక్కువ. అయినా నేను ప్యానెల్ వైపే మొగ్గు చూపుతాను. మూత్రపిండాలతో ముడిపడినవి, గుండెతో ముడిపడినవి కూడా అందులోనే తేలిపోతాయి. ఎక్సోమ్ వల్ల అర్థం తేలని మార్పులు ఎక్కువగా బయటపడతాయి. జన్యు సలహాదారు అందుబాటులో లేనప్పుడు ఆ అర్థం తేలని మార్పులు కుటుంబాన్ని అనవసరంగా కలవరపెడతాయి. నమూనా పంపడానికి ఊరు దాటవలసిన పని సాధారణంగా ఉండదు, విశాఖలో రక్తం ఇస్తే ప్రయోగశాలకు పంపుతారు. హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్ కేంద్రం వంటి ప్రభుత్వ సంస్థలు కూడా జన్యు వ్యాధుల నిర్ధారణ సేవలు అందిస్తున్నాయి.

ఫలితం ఎలా ఉపయోగపడుతుందో తెలిస్తేనే పరీక్ష విలువ తెలుస్తుంది. జన్యువు రెండు ప్రతుల్లోనూ లోపం దొరికితే థైరాయిడ్‌ను జీవితాంతం గమనించాలి, వినికిడి ఇంకా తగ్గుతుందని ముందే సిద్ధపడాలి. ఒక్క ప్రతిలోనూ లోపం దొరకకపోతే, ముఖ్యంగా ఒక వైపు నాళమే వెడల్పుగా ఉన్నప్పుడు, వినికిడి తగ్గుదల కొంత తక్కువగా ఉండటం, థైరాయిడ్ వాపు రాకపోవడం ఎక్కువగా చూస్తాం. అంటే ఇంప్లాంట్ తొందర ఎంత అన్నదానికి కూడా ఈ పరీక్ష కొంత జవాబు ఇస్తుంది. తల్లిదండ్రులు ఇద్దరికీ వినికిడి మామూలుగా ఉండి, చెరొక లోపభూయిష్ట ప్రతిని మోస్తున్నప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ సిండ్రోమ్ వచ్చే అవకాశం 25 శాతం. మేనరికపు పెళ్లిళ్లలో ఒకే ప్రతి ఇద్దరికీ చేరే అవకాశం పెరుగుతుందన్నది నిజం. కానీ ఈ మాటను తల్లి వైపు వారినో, తండ్రి వైపు వారినో నిందించడానికి వాడుకోవడం అన్యాయం. లోపం ఇద్దరి నుంచీ సమానంగా వస్తుంది. బంధుత్వం లేని దంపతుల పిల్లల్లోనూ ఇది కనిపిస్తుంది.

వినికిడి యంత్రమా, కాక్లియర్ ఇంప్లాంటా

ఎక్కువ సమయం వెచ్చించి ఆలోచించవలసిన ఎంపిక ఇదే.

వినికిడి యంత్రం శబ్దాన్ని పెద్దది చేసి, మిగిలి ఉన్న వినికిడి కణాలకు అందిస్తుంది. కాక్లియర్ ఇంప్లాంట్ ఆ కణాలను దాటి వెళ్లి, కాక్లియా లోపల అమర్చిన ఎలక్ట్రోడ్ల ద్వారా నేరుగా నరాన్ని ప్రేరేపిస్తుంది. ఒకసారి ఇంప్లాంట్ అమర్చిన చెవిలో మిగిలిన సహజ వినికిడి నిలుస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. 40 నుంచి 70 డెసిబెళ్ల మధ్య వినికిడి ఉన్న బిడ్డకు మంచి యంత్రం, క్రమం తప్పని స్పీచ్ థెరపీ ఉంటే ఇంప్లాంట్ అవసరం రాకుండానే మాట వస్తుంది. రెండు చెవుల్లోనూ 90 డెసిబెళ్లు దాటినప్పుడు ఇంప్లాంట్ గురించి సందేహం అక్కర్లేదు. చిక్కంతా ఈ రెండింటికీ మధ్య ఉన్న పిల్లలతోనే. పెండ్రెడ్ సిండ్రోమ్‌లో చాలామంది పిల్లలు కొంతకాలం ఆ మధ్యలోనే ఉంటారు.

అలాంటి బిడ్డ విషయంలో నేను మూడు సంగతులు చూస్తాను. మొదటిది, యంత్రం పెట్టుకున్నాక 'స', 'ష' వంటి సన్నని శబ్దాలు వినబడుతున్నాయా అన్నది. డెసిబెళ్ల సగటు బాగానే ఉన్నా పై పౌనఃపున్యాలు పోయిన బిడ్డ 'సీసా'ను 'ఈఆ'గా పలుకుతూ ఉండిపోతాడు. రెండోది, గత ఏడాదిలో వినికిడి ఎన్నిసార్లు పడింది, పడిన ప్రతిసారీ తిరిగి ఎంత లేచింది అన్నది. పడ్డ ప్రతిసారీ కొంత శాశ్వతంగా పోతుంటే, ఇప్పటి ఆడియోగ్రామ్ బాగున్నా ఇంప్లాంట్ బృందంతో మాటలు మొదలుపెట్టాలి. మూడోది, మూడు నుంచి ఆరు నెలల యంత్రం వాడకంలో మాట ఎదిగిందా లేదా అన్నది. వినికిడి సంఖ్యలు ఎలా ఉన్నా మాట ఎదగడం లేదంటే యంత్రం చాలడం లేదని అర్థం.

పడిపోవడాన్ని ముందే పసిగట్టడానికి ఇంట్లో చేయదగిన పని ఒకటుంది. పొద్దున్న బిడ్డకు మిషను పెట్టాక తల్లి వెనక్కి వెళ్లి, నోరు కనబడకుండా చేయి అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతో 'ఆ', 'ఊ', 'ఈ', 'ష్', 'స్', 'మ్' అని ఒక్కొక్కటిగా అంటుంది. బిడ్డ విన్న ప్రతిదానికీ ఒక పూసను గిన్నెలో వేస్తాడు, పెద్దవాడైతే తిరిగి పలుకుతాడు. నిన్నటిదాకా ఆరింటికీ పూస వేసిన బిడ్డ ఇవాళ 'ష్', 'స్'ల దగ్గర చేయి ఆపేస్తే, ముందు బ్యాటరీ, గొట్టం చూడాలి. అవి బాగుంటే అదే రోజు ఆడియాలజిస్టుకు ఫోన్ చేయాలి. రెండు నిమిషాలు పట్టే ఈ అలవాటు ఆరు నెలలకొకసారి తీసే ఆడియోగ్రామ్ చెప్పలేని సంగతులను చెబుతుంది. పెండ్రెడ్ ఉన్న బిడ్డ ఇంట్లో దీన్ని తప్పనిసరి అనే అంటాను.

యంత్రాల్లోనూ ఎంపిక ఉంది. చెవి వెనుక పెట్టే డిజిటల్ రకాన్నే తీసుకోండి, జేబులో పెట్టుకునే పాత పాకెట్ మోడల్, చెవి లోపల ఇమిడిపోయే చిన్న రకం రెండూ ఈ పిల్లలకు సరిపోవు. కొనేటప్పుడు ఇప్పటి వినికిడికి సరిపోయే శక్తి ఉన్నది కాకుండా, మరో 20, 25 డెసిబెళ్లు తగ్గినా కంప్యూటర్‌లో సరిచేసుకుని అదే యంత్రాన్ని వాడుకోగల స్థాయిది ఎంచుకోవాలి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో బడి నుంచి వచ్చిన బిడ్డ మోల్డుకు (చెవిలో అమరే అచ్చుకు) ఉన్న పారదర్శకపు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే లోపల సన్నని నీటి బిందువులు కనబడతాయి. ఒక్క బిందువు గొట్టానికి అడ్డుపడినా శబ్దం ఆగిపోతుంది. గొట్టంలోకి గాలి ఊదే చిన్న రబ్బరు బుడ్డి, రాత్రిపూట యంత్రాన్ని ఉంచడానికి సిలికా జెల్ ఉన్న మూత డబ్బా, ఈ రెండూ యంత్రంతో పాటే కొనుక్కోవాలి. ఇంప్లాంట్‌లో బయట పెట్టుకునే భాగమైన ప్రాసెసర్‌కూ ఈ జాగ్రత్త అవసరమే.

ఇంప్లాంట్ విషయంలో కుటుంబాలు ఎక్కువగా భయపడేది చెవి నిర్మాణంలోనే లోపం ఉన్నప్పుడు ఆపరేషన్ ఫలిస్తుందా అని. ఈ సిండ్రోమ్‌లో అడుగు చుట్టు, దానిలోని నరాల ఏర్పాటు సాధారణంగా బాగానే ఉంటాయి కాబట్టి ఫలితాలు మామూలు కాక్లియా ఉన్న పిల్లల ఫలితాలకు దగ్గరగా ఉంటాయి. ఇది నిజంగా ధైర్యాన్నిచ్చే విషయం. కాక్లియాను తెరిచినప్పుడు లోపలి ద్రవం నాడిలా కొట్టుకుంటూ కారడం గానీ, అరుదుగా ఉబికి రావడం గానీ జరగవచ్చు. అనుభవం ఉన్న సర్జన్ దాన్ని కండర పొరతో గట్టిగా మూసి నిలుపుతారు. మెదడు పొరల వాపు రాకుండా న్యుమోకాకల్ టీకాలు ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందే పూర్తి కావాలి. రెండేళ్లు నిండిన పిల్లలకు పీపీఎస్‌వీ23 అనే అదనపు టీకా కూడా ఉంటుంది. ఇలాంటి నిర్మాణం ఉన్న చెవులకు ఎన్ని ఆపరేషన్లు చేశారని సర్జన్‌ను నేరుగా అడగండి. మంచి సర్జన్ ఈ ప్రశ్నకు నొచ్చుకోరు.

ఒక చెవికా, రెండింటికా అన్న ప్రశ్నకు జవాబు రెండో చెవిలో ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది. రెండూ పూర్తిగా పోయి ఉంటే, ఆర్థికంగా వీలున్నప్పుడు రెండింటికీ చేయించడం మేలు, శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో తెలియడానికి, సందడిలో మాట అర్థం కావడానికి రెండు చెవులూ కావాలి. రెండో చెవిలో తక్కువ పౌనఃపున్యాలు ఇంకా వినబడుతుంటే ఒక వైపు ఇంప్లాంట్, రెండో వైపు యంత్రం అన్న కలయిక ఈ సిండ్రోమ్‌కు చక్కగా అమరుతుంది. గొంతులోని హెచ్చుతగ్గులు, పాటలోని రాగం యంత్రం వైపు నుంచి బాగా అందుతాయి. అయితే ఏ చెవికి ముందు చేయాలన్నప్పుడు ఎక్కువగా దెబ్బతిన్న చెవినే ఎంచుకోవడం సాధారణం. ఆ చెవి ఏళ్ల తరబడి ఏ శబ్దమూ లేకుండా ఉండిపోయి ఉంటే మాత్రం ఆ విషయాన్ని బృందంతో విడిగా చర్చించాలి.

వద్దనదగిన వాటిలో మొదటిది వెడల్పయిన నాళాన్ని, దాని చివరి సంచిని మూసే లేదా ఖాళీ చేసే శస్త్రచికిత్స. గతంలో ప్రయత్నించారు, వినికిడి మెరుగుపడకపోగా మరింత పోయిన సందర్భాలే ఎక్కువ కావడంతో మానేశారు. హఠాత్తుగా వినికిడి పడిపోయినప్పుడు కొద్ది రోజులు స్టెరాయిడ్లు ఇవ్వడం చాలాచోట్ల ఉంది. కొందరిలో వినికిడి తిరిగి లేస్తుంది, మందు వల్లనో దానంతటదేనో విడదీసి చెప్పడం కష్టం. వైద్యుల పర్యవేక్షణలో స్వల్పకాలం వాడటానికి అభ్యంతరం లేదు, పడిన ప్రతిసారీ ఇంట్లో మిగిలిన మాత్రలు మింగించడం మాత్రం తప్పు. వినికిడిని తిరిగి తెప్పిస్తామని అమ్మే నూనె చుక్కలకు, పొడులకు ఈ జబ్బు మీద ఏ ప్రభావమూ లేదు.

విశాఖలోనా, బయటి ఊళ్లోనా

పరీక్షల వరకు ఊరు దాటక్కర్లేదు. కింగ్ జార్జ్ ఆసుపత్రి, వాల్తేరు ప్రాంతంలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, వాటితో పాటు ప్రైవేటు కేంద్రాలు ఇక్కడ ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి వచ్చే కుటుంబాలకూ విశాఖే దగ్గర. ఆపరేషన్ ఎక్కడన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. ఆపరేషన్ కొన్ని గంటల్లో ముగుస్తుంది. ఆ తర్వాత ప్రాసెసర్‌ను స్విచ్ ఆన్ చేయడం, పదేపదే మ్యాపింగ్ (బిడ్డకు తగినట్టు పరికరాన్ని సరిచేయడం), వారానికి రెండు మూడు సార్లు థెరపీ ఏళ్ల తరబడి నడుస్తాయి. పెద్ద పేరున్న నగరంలో ఆపరేషన్ చేయించుకుని, మ్యాపింగ్‌కు ప్రతిసారీ రాత్రి రైలెక్కవలసి వస్తే రెండో ఏటికల్లా కుటుంబం అలసిపోతుంది, సందర్శనలు తగ్గిపోతాయి. అందుకని థెరపీ, మ్యాపింగ్ ఇంటికి దగ్గరలో ఎక్కడ దొరుకుతాయో ముందు ఖాయం చేసుకుని, వారు పని చేయగల కంపెనీ పరికరం ఏదో తెలుసుకుని, ఆ తర్వాత సర్జన్‌ను ఎంచుకోండి. నిర్మాణ లోపం క్లిష్టంగా ఉండి, నరం సన్నగా ఉందని తేలితే మాత్రం ఈ వరస మారుతుంది, అప్పుడు సర్జన్ అనుభవానికే మొదటి స్థానం.

ఖర్చు విషయంలో, రాష్ట్రంలో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం, వికలాంగులకు పరికరాలు అందించడానికి కేంద్రం అమలు చేసే అడిప్ పథకం రెండింటిలోనూ పిల్లల కాక్లియర్ ఇంప్లాంట్లకు సహాయం ఉంది. రెండింటికీ వయోపరిమితులు ఉన్నాయి, అవి అప్పుడప్పుడు మారుతుంటాయి. అందువల్ల చెవుడు నిర్ధారణ అయిన వారంలోనే వైకల్య ధ్రువీకరణ పత్రం, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) పని మొదలుపెట్టాలి. వినికిడి ఇంకా పడిపోతుందేమో చూద్దామని కాగితాల పని కూడా ఆపేస్తే, తీరా ఇంప్లాంట్ అవసరమయ్యే నాటికి వయసు దాటిపోవచ్చు. ఉచితంగా వచ్చిన పరికరానికైనా వారంటీ ముగిశాక కేబుల్, కాయిల్, బ్యాటరీల ఖర్చు కుటుంబం మీదే పడుతుంది, వాటి ధరలు ఆపరేషన్‌కు ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

యంత్రమైనా ఇంప్లాంటయినా, భారతీయ సంజ్ఞా భాషను పక్కకు నెట్టవలసిన అవసరం లేదని నా నమ్మకం. పెండ్రెడ్ ఉన్న బిడ్డకు వినికిడి ఉన్నట్టుండి కొన్ని వారాలు పోవచ్చు, ప్రాసెసర్ బాగుకు వెళ్లవచ్చు. ఆ రోజుల్లో బిడ్డ తల్లితో మాట్లాడటానికి ఒక భాష ఉండాలి. సంజ్ఞలు నేర్పితే మాట రాదన్న భయం చాలామందికి ఉంది. కానీ భాష అంటే ఏమిటో ఒకసారి అర్థమైన బిడ్డకు రెండో భాష అడ్డంకి కాదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, వారి సాయం తీసుకోవచ్చు.

ఆటలు, సముద్రం, థైరాయిడ్

తలకు చిన్న దెబ్బ తగిలినా వినికిడి పడిపోయే అవకాశం ఉంది గనుక కబడ్డీ, బాక్సింగ్, తలతో బంతిని కొట్టే ఫుట్‌బాల్ వంటివి వద్దని వైద్యులు చెబుతారు. బిడ్డను ఇంట్లోనే కట్టిపడేయమని దీని అర్థం కాదు, పరుగు, బ్యాడ్మింటన్, సైకిల్ హాయిగా ఆడనివ్వండి, స్కూటరు మీద ముందు నిలబెట్టి తీసుకెళ్లినా హెల్మెట్ పెట్టండి. ఆర్కే బీచ్‌లో కెరటాల్లో కాళ్లు తడుపుకోవడానికి అడ్డు లేదు, యంత్రం తీసి భద్రంగా పెడితే చాలు. రుషికొండ దగ్గర స్కూబా డైవింగ్ మాత్రం పెద్దయ్యాక కూడా వద్దు, నీటి లోతులో ఒత్తిడి మార్పు ఈ చెవులకు ప్రమాదం. కొందరికి కళ్లు తిరగడం, తూలడం కూడా ఉంటాయి, అలాంటి పిల్లలకు ఈత నేర్పేటప్పుడు పక్కన పెద్దవారు ఉండి తీరాలి.

గాయిటర్ సాధారణంగా పదేళ్లు దాటాక, యవ్వనంలోకి వచ్చే వయసులో మొదలవుతుంది. అప్పటికి చెవుడు సంగతి అందరికీ తెలిసి ఉన్నా, మెడ వాపును అయోడిన్ లోపంగా భావించి ఉప్పు మార్చి ఊరుకోవడం జరుగుతుంది. ఏడాదికొకసారి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష, అవసరమైతే మెడ అల్ట్రాసౌండ్ చేయిస్తే చాలు. చాలామందిలో హార్మోను మామూలు స్థాయిలోనే ఉంటుంది, తగ్గినవారికి థైరాక్సిన్ మాత్ర ఇస్తారు. థైరాయిడ్‌లో అయోడిన్ నిలుస్తోందో లేదో చూసే పెర్‌క్లోరేట్ పరీక్ష అని పాత పుస్తకాల్లో కనబడుతుంది, జన్యు పరీక్ష వచ్చాక దాని అవసరం బాగా తగ్గింది.

తర్వాతి కాన్పు గురించి ఆలోచిస్తున్న దంపతులకు మొదటి బిడ్డ జన్యు ఫలితం ముందే చేతిలో ఉండటం ఎంతో ముఖ్యం, గర్భం వచ్చాక మొదలుపెడితే సమయం చాలదు. రెండు లోపాలూ తెలిసి ఉన్నప్పుడు 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి, లేదా 16 వారాల ప్రాంతంలో ఉమ్మనీటి నుంచి నమూనా తీసి పరీక్షించవచ్చు. అలా పరీక్షించడమా, లేక ఏ బిడ్డ పుట్టినా మొదటి నెల నుంచే సిద్ధంగా ఉండటమా అన్నది పూర్తిగా ఆ దంపతుల నిర్ణయం, బంధువులు గానీ వైద్యులు గానీ అందులో ఒత్తిడి చేయకూడదు. రెండో దారి ఎంచుకున్నవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఈ సిండ్రోమ్ ఉన్న బిడ్డ పుట్టిన రోజుల్లో చేసే ఓఏఈ అనే ప్రాథమిక వినికిడి పరీక్షలో గట్టెక్కి, ఏడాది, రెండేళ్ల తర్వాత వినికిడి కోల్పోవచ్చు. కాబట్టి అన్నకో అక్కకో పెండ్రెడ్ ఉందని తెలిసినప్పుడు, పుట్టినప్పటి రిపోర్టులో పాస్ అని ఉన్నా చిన్నబిడ్డకు జన్యు పరీక్ష చేయించాలి. అది వీలు కాకపోతే మూడేళ్లు నిండే దాకా ఆరు నెలలకొకసారి, ఆ తర్వాత ఏడాదికొకసారి వినికిడి పరీక్ష చేయించాలి.